ముందు బతాకా, తర్వాత నాడి

ఆ అమ్మ కడుపు పట్టుకుని స్ట్రెచర్ మీద ముడుచుకు పడుకుంది. ఈజిప్టు డాక్టరు అరబీలో అడిగాడు, ఇంగ్లీషులో అడిగాడు, చివరికి తన పొట్ట మీద తనే వేలు ఆనించి ఇక్కడా, ఇక్కడా అని సైగలు చేశాడు. ఆమె అన్నింటికీ తల ఊపుతోంది. కువైట్లో నాలుగేళ్లుగా ఒక ఇంట్లో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా, పనిచేస్తోంది. వచ్చిన అరబీ అంతా వంటింటి అరబీ. ఉల్లిపాయ, చీపురు, పాలసీసా, త్వరగా, ఇంకా త్వరగా. నొప్పి గురించి ఆమెను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు.

నేను పక్క బెడ్డు దగ్గర డ్రిప్పు మారుస్తున్నాను. "దేవుడా, పేగులు మెలిపెడతాండాయే" అని సణిగింది. చటుక్కున తిరిగాను.

"యా ఊరమ్మా మీది?"

ఆమె నొప్పి మరిచిపోయి నా మొహంలోకి చూసింది. "రాజంపేట కాడ, సిస్టరమ్మా" అంటూనే భోరుమంది.

డాక్టరుతో నేను ఒక్క మాటే అన్నాను: మగస్. మెలిపెట్టే నొప్పికి అరబీలో అదీ మాట. ఆపైన ఆయన సరైన ప్రశ్నలు అడిగాడు, నేను సరైన ప్రశ్నలు అడిగాను. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందని తేలింది. తెల్లవారేలోగా అపెండిసైటిస్ ఆపరేషన్ అయిపోయింది. ఇందులో నా గొప్పేమీ లేదు, మా ఊళ్లు దగ్గర, అంతే. కానీ ఆమె వచ్చింది రాత్రి పదకొండుకి. నా చెవిన పడింది ఒకటిన్నరకి. మధ్యలో రెండున్నర గంటలు ఎక్కడికి పోయాయంటే, పేర్లు రాసుకునే కిటికీ దగ్గర. బతాకా లేదు. సివిల్ ఐడి కార్డుని అక్కడ మనవాళ్లు బతాకా అంటారు. అది యజమానురాలి బీరువాలో ఉంది. డ్రైవరు వెళ్లి తెచ్చేదాకా ఈమె కుర్చీలో కూర్చుంది. ప్రాణం మీదికొచ్చిన కేసైతే నేను పనిచేసిన చోటల్లా కార్డు అడక్కుండా లోపలికి తీసుకునేవారు. చిక్కంతా ప్రాణం మీదికి వచ్చిందో లేదో నోటితో చెప్పుకోలేని వాళ్లతోనే.

ఇరవై మూడేళ్లు గల్ఫులో నర్సుగా చేశాను. సౌదీ తూర్పు ప్రాంతంలో ఎనిమిదేళ్లు, దుబాయిలో రెండేళ్లు, మిగతాదంతా కువైట్. ఆరు దేశాలూ కలిసి 1981లో గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నాయి గానీ, "ఏమిటి" అనే మాటలోనే అవి కలవవు. సౌదీలో "వేష్", దుబాయిలో "షు", కువైట్లో "ష్ను". ఏం నొప్పి అని అడగాలంటే ప్రతి దేశంలోనూ మొదటి ముక్క మళ్లీ నేర్చుకోవాలి. రెండో ముక్క మాత్రం ఒకటే.

నేను చదివింది మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో. జీఎన్ఎం. ట్రైనింగులో కొన్నాళ్లు ఆరోగ్యవరం శానటోరియంలో డ్యూటీ వేశారు. 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి అది. ఊపిరితిత్తిలో మానిపోయిన మచ్చకీ, రగులుతున్న జబ్బుకీ తేడా ఎక్స్‌రేలో ఎలా కనిపెడతారో అక్కడ పెద్ద డాక్టర్ల వెనక నిలబడి నేర్చుకున్నాను. ఆ చదువు గామ్‌కా మెడికల్ దగ్గర ఎందుకూ పనికిరాలేదు. గల్ఫుకి పనికి వెళ్లేవాళ్లకి వెళ్లేముందు చేసే ఆరోగ్య పరీక్ష అది, దాంట్లో పాత మచ్చ కనపడినా "అన్‌ఫిట్" అని ముద్ర కొడతారు. మా వీధిలోనే ఒకతను చిన్నప్పుడెప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీకి, ముప్పై ఏళ్ల వయసులో, ఏజెంటుకి కట్టిన డబ్బంతా పోగొట్టుకున్నాడు. నేను ఫిట్ అయ్యాను. 2001లో దమ్మాం విమానం ఎక్కాను.

ఇక్కడొక పక్కదారి. దమ్మాం నుంచి బహ్రెయిన్ దగ్గరే. 1986లో వేసిన ఇరవై ఐదు కిలోమీటర్ల వంతెన మీదుగా కారులో పోవచ్చు. సెలవు దొరికినప్పుడు కేరళ చేచీలతో కలిసి చర్చికని పోయేదాన్ని. ఒకసారి మనామాలో అమెరికన్ మిషన్ ఆసుపత్రి చూశాను. 1903లో తెరిచారట. దాన్ని పెట్టిన అరేబియన్ మిషన్ వెనకున్న అమెరికా చర్చి ఏదో చదివి అక్కడే నిలబడిపోయాను. రిఫార్మ్‌డ్ చర్చి. మా మదనపల్లె మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కట్టిందీ, వెల్లూరు వైపు ఊళ్లలో పనిచేసిందీ ఆ చర్చే! బహ్రెయిన్లో చమురు పడింది 1932లో, కువైట్లో 1938లో. అంటే ఆ ఎడారి రేవుల్లో డబ్బు లేని రోజుల్లోనే ఈ ఆసుపత్రులున్నాయి. ముత్యాల కోసం మునిగేవాళ్లూ, ఒంటెలవాళ్లూ అక్కడే మందు తాగారు. కువైట్లో ఆ మిషన్‌వాళ్లు 1914లో కట్టిన ఆసుపత్రిలోనే 1920 నాటి జహ్రా యుద్ధంలో గాయపడ్డవాళ్లకి కట్లు కట్టారు. 1967లో అది మూతపడింది, ఇప్పుడు ప్రదర్శనశాల. సముద్రపు ఒడ్డున ఆ భవనం ముందునుంచి బస్సులో పోయినప్పుడల్లా మా హాస్టలు వార్డెను గుర్తొచ్చేది. ఎందుకో తెలీదు, ఆ వరండాల వల్లనేమో.

సౌదీలో నాకు పడిన వార్డులో సగం మంది సికిల్ సెల్ రోగులు. కతీఫ్, అల్ అహ్సా వైపు ఆ జబ్బు బాగా ఎక్కువ. రక్తకణాలు గుండ్రంగా ఉండక కొడవలిలా వంగిపోతాయి, సన్న నాళాల్లో అడ్డం పడతాయి. అరబీలో ఈ రక్తహీనతకు పెట్టిన పేరు కూడా "మింజల్" నుంచే వచ్చింది. మింజల్ అంటే కొడవలి. చలికాలం వచ్చిందంటే వార్డు నిండిపోయేది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, మంచం కడ్డీ పట్టుకుని, దిండు కొరుకుతూ. మార్ఫిన్ ఇవ్వాలి, సెలైన్ పెట్టాలి, వెచ్చగా కప్పాలి, పక్కన ఉండాలి. "నిజంగా నొప్పా, ఇంజక్షన్ అలవాటైందా" అని అనుమానపడే డాక్టర్లు ఉండేవారు. మొదట్లో నేనూ అనుమానపడ్డాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక కుర్రాడు గట్టిగా అరిచేవాడు కాదు, సెల్‌ఫోన్లో ఫుట్‌బాల్ ఆట చూస్తుండేవాడు. అంత నొప్పి ఉన్నవాడు ఆట చూస్తాడా అనుకున్నాను. ఆ రాత్రే వాడికి ఊపిరితిత్తుల్లో అడ్డం పడి ఐసీయూకి మార్చాం. చిన్నప్పటి నుంచీ ఆ నొప్పితో బతికేవాడు అరవడం ఎప్పుడో మానేసి ఉంటాడని ఆ తర్వాత తట్టింది.

అక్కడే ఒక పెద్దావిడ ఉండేది, కొడుకుని చూసుకోవడానికి వచ్చేది. ఖాలా అని పిలిచేదాన్ని. మా వార్డులో హైదరాబాదు పాతబస్తీ సిస్టరు కూడా వాళ్ల పిన్నిని ఖాలా అనే అంటుంది కాబట్టి ఆ మాట నాకు కొత్త కాదు. ఒకరోజు ఖర్జూరాలు చేతిలో పెట్టి అడిగింది.

"నీ మొగుడు నీకు చుట్టమా?"

"మా మేనమామే" అన్నాను. "మా అమ్మ తమ్ముడు."

ఆవిడ మొహం చూడాలి. చేతిలో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. హరామ్, హరామ్ అని చెంపలు వేసుకుంది. అమ్మ తమ్ముడంటే తండ్రితో సమానం కదమ్మా అంది. నేను తమాయించుకుని, మరి మీరో అన్నాను. ఆవిడ గర్వంగా, మా ఆయన మా చిన్నాన్న కొడుకు అంది. ఇప్పుడు చెంపలు వేసుకోవడం నా వంతు. చిన్నాన్న కొడుకంటే నాకు అన్న! రాఖీ కట్టాల్సినవాడు. ఒకరి పెళ్లి ఒకరికి మహాపాపంలా కనపడుతుంటే, మంచం మీద పిల్లాడు మా ఇద్దరినీ చూసి నొప్పిలోనూ నవ్వాడు. రక్తానికి ఈ వరసలేవీ తెలియవు. అమ్మ వైపైనా, నాన్న వైపైనా ఒకే ఇంటి దోషం రెండు వైపులా ఉంటే బిడ్డకి దిగే అవకాశం పెరుగుతుంది. సౌదీలో 2004 నుంచి పెళ్లికి ముందు సికిల్ సెల్, తలసీమియా పరీక్ష తప్పనిసరి చేశారు. కాగితం మాత్రమే తప్పనిసరి. జోడీ కుదరదని అందులో రాసినా పెళ్లి ఆపే అధికారం దానికి లేదు. ఆవిడ పెద్ద కూతురు ఆ కాగితం బ్యాగులో పెట్టుకునే పెళ్లి చేసుకుంది. నా మాటకొస్తే, నాకు పెళ్లయ్యేనాటికి అడిగేవాళ్లే లేరు. మా అబ్బాయి బాగానే ఉన్నాడు. ఆ వార్డులో పనిచేసిన ఎనిమిదేళ్లూ వాడికి కాళ్లు నొప్పులన్న ప్రతిసారీ నాకు నిద్ర పట్టలేదు.

హజ్ వచ్చిందంటే మా దగ్గరనుంచి కొందరిని మినా వైపు పంపేవారు. మక్కాలోకి ముస్లిములకే ప్రవేశం కనుక నాకు ఆ డ్యూటీ పడలేదు. పాతబస్తీ సిస్టరు వెళ్లొచ్చి కథలు చెప్పేది. ఎండదెబ్బ తగిలినవాళ్లను పడుకోబెట్టి నీటి తుంపర చల్లుతూ ఫ్యాన్లు పెట్టడం, పేరు చెప్పలేనివాళ్లకి చేతి పట్టీ చూసి దేశం కనిపెట్టడం. "మన తెలుగు ముసలమ్మ ఒకామె నన్ను పట్టుకుని వదల్లేదక్కా" అనేది.

దుబాయి రెండేళ్లు వేరే లోకం. ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ నేను నర్సునో, బీమా గుమాస్తానో నాకే తెలిసేది కాదు. అబుదాబిలో అప్పటికే ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. దుబాయిలో ఆ చట్టం 2013లో వచ్చి, తర్వాత కొన్నేళ్లకు అందరికీ అందింది. నేనున్నప్పుడు కంపెనీ దయ. జగిత్యాల, సిరిసిల్ల వైపు అన్నదమ్ములు సైట్ల నుంచి వచ్చేవారు. "అక్కా, ఛాతిల మంటయితంది, ఎంతయితదో ముందు చెప్పు" అని అడిగేవారు. ఏమయింది అని నేను అడిగేలోపు ఎంతయితది అని వాళ్లు అడిగేవారు. ఈసీజీకి ఇంత అని చెబితే కాసేపు ఆలోచించి, "గ్యాస్ గోలీ ఇయ్యరాదే" అనేవారు. వాళ్లలో కొందరికి నిజంగా గ్యాసే. కొందరికి కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ఏ దేశంలో జరిగిందో చెప్పను.

ఒక కుర్రాడిని రూమువాళ్లు మోసుకొచ్చారు, నెత్తురు కక్కుకున్నాడు. కడుపులో పుండు. కార్డు ఇచ్చారు, పాత రికార్డు కంప్యూటర్లో తెరుచుకుంది. నేను నెత్తురు తీసి, గొట్టం మీద పేరు రాసి పంపాను. పది నిమిషాల్లో బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను. "సిస్టర్, శాంపిల్ మార్చేశావు. రికార్డులో బి పాజిటివ్, నువ్వు పంపింది ఓ." నర్సుకి ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. ఒక రోగి నెత్తురు మరో రోగి పేరు మీద పంపడమంటే చంపడమే. చేతులు వణికాయి. మళ్లీ తీసి పంపాను. మళ్లీ ఓ. అప్పుడు కార్డులో ఫోటో చూశాను. మీసాలూ, గడ్డమూ, ఎండకి మాడిన మొహమూ. సైటులో పనిచేసేవాళ్లంతా ఫోటోల్లో ఒకేలా ఉంటారు.

చెవి దగ్గర వంగి అడిగాను. "నాయనా, నీ పేరేంది?" కార్డులో పేరు చెప్పాడు. "మీ అమ్మ పేరు?" కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, "గా కార్డు మా రూమోనిదక్కా. నేను కల్లివెల్లి" అన్నాడు.

కల్లివెల్లి అంటే పని వదిలి పారిపోయినవాడు, అకామా, అంటే నివాస అనుమతి, లేనివాడు. దొరికితే జైలు, తర్వాత ఔట్‌పాస్ మీద ఇంటికి. ఇంటి దగ్గర అప్పు అలాగే ఉంటుంది. అతను నా చెయ్యి పట్టుకుని చెప్పకక్కా అన్నాడు. చెప్పకుండా ఎలా? ఎక్కించే ముందే నెత్తురు పరీక్ష చేశారు కాబట్టి ఆ పూటకి గండం తప్పింది. కానీ ఆ రికార్డులో ఉన్న జబ్బులు, మందులు, పడని ఇంజక్షన్లు అన్నీ వేరేవాడివి. రేపు ఆ రూమువాడు నిజంగా ఆసుపత్రికొస్తే, ఇతని పుండూ ఇతని నెత్తురూ అతని ఖాతాలో ఉంటాయి. సూడాన్ డాక్టరుకి చెప్పాను. ఆయన కలం పట్టుకుని చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత పాత షీటు పక్కన పెట్టి, కొత్త షీటు మీద "పేరు తెలియని పురుషుడు" అని రాశాడు. రక్తం ఎక్కించాం. ఎండోస్కోపీ చేసి పుండుకి క్లిప్పు వేశారు. అతను బతికాడు. నాలుగో రోజు మంచం పక్కన పోలీసు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అతనికి నా మీద కోపం ఉందో లేదో అడగలేదు. జ్వరం చూసినప్పుడు చెయ్యి చాచేవాడు, అంతే. అతను ఇల్లు చేరి ఉంటాడు. నన్ను ఎక్కువ తొలిచేది ఆ కార్డు ఇచ్చినవాడి సంగతి. వాడికేమైందో నాకు తెలియదు. తన కార్డు ఇస్తే తన ఉద్యోగం పోతుందని వాడికి తెలుసు. తెలిసే ఇచ్చాడు.

కువైట్లో కార్డు ఉన్నా డబ్బు ప్రశ్న వచ్చింది. నేను వెళ్లిన కొత్తల్లో విదేశీయుడికి క్లినిక్కులో ఒక దినారు, పెద్దాసుపత్రి ఓపీలో రెండు. 2013లో జహ్రా ప్రాంతంలో ఉదయం ఓపీ కువైటీలకీ, సాయంత్రం బయటివాళ్లకీ అని విడదీసి చూశారు. 2017 అక్టోబరు 1 నుంచి క్లినిక్కులో రెండు దినార్లు, ఆసుపత్రి ఓపీలో పది చేశారు. పది దినార్లంటే అప్పటి లెక్కన రెండు వేల రూపాయల పైమాట. కంపెనీల్లో కనీస జీతం నెలకి డెబ్బై ఐదు దినార్లు. 2022 చివర్లో మందులకి వేరే రుసుము కూడా పెట్టారు. వాళ్ల దేశం, వాళ్ల ఖర్చు, వాళ్ల రద్దీ, ఆ వాదన నాకు అర్థమవుతుంది. కువైటీ అమ్మలే నాతో అనేవారు, మా అమ్మకి అపాయింట్‌మెంటు మూడు నెలలకి దొరుకుతోంది, మేమెక్కడికి పోవాలి అని. కానీ ఆ అక్టోబరు తర్వాత షుగరు రోగులు రావడం మానేశారు. ఇన్సులిన్ రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ఆగిపోయి, కాలు నల్లబడ్డాక ఎమర్జెన్సీకి వచ్చేవారు. అరబీలో షుగరు జబ్బుని "సుక్కర్" అంటారు. ఈ ఒక్క మాటకి నా తర్జుమా అక్కర్లేదు, చక్కెర అన్నా వాళ్లకి అందుతుంది. అయినా రాయచోటి మనిషి డాక్టరు ముందు కూర్చుని "తియ్యగా ఏం తినను సార్" అనే చెబుతాడు. రెండు పూటలా తెల్లన్నం, మూడు టీలు. ఒక్కో టీలో నాలుగు చెంచాలు.

ఎండ గురించి రాయమంటే పుస్తకమవుతుంది. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టింది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకూ ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. సాయంత్రం ఐదుకి వచ్చేవి కేసులు. పని ఆపిన గంటల్లో రేకుల కింద కూర్చున్నవాళ్లూ, మూత్రం ఎర్రబడినవాళ్లూ. నీళ్లెందుకు తాగలేదురా అంటే, బాత్రూం దూరమక్కా అనేవారు. మూత్రపిండాల వార్డులో పాతికేళ్ల పిల్లలను చూసినప్పుడు ఆ జవాబే చెవిలో మోగేది.

పేర్ల సంగతి చెప్పకపోతే నవ్వు పూర్తికాదు. అరబీ రాతలో "ప" లేదు, "చ" లేదు. పెంచలయ్య లేని ఊరు మా వైపు ఉండదు కదా. మైకులో "బెన్షలయ్యా, బెన్షలయ్యా" అని పిలుస్తుంటే పెంచలయ్య పక్కనే కూర్చుని ఎవరో పిలుస్తున్నారని దిక్కులు చూస్తుంటాడు. పుల్లయ్య బుల్లయ్య అవుతాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, తండ్రి పేరు ఒకచోట, కార్డులో రెండూ కలిసి మూడో రకం. బతికున్నప్పుడు ఇది నవ్వులాటే. మనిషి పోతే కాదు. మరణ పత్రం మీద ఒక అక్షరం తేడా ఉంటే రాయబార కార్యాలయం కాగితం ఆగుతుంది, అది ఆగితే ఎంబామింగ్ ఆగుతుంది, విమానం టికెట్టు ఆగుతుంది. శవాగారంలో రోజులు గడుస్తాయి, ఊళ్లో టెంటు వేసి ఉంటుంది. అందుకే నా డ్యూటీలో తెలుగువాడు ఎవరైనా పోతే, ఒళ్లు తుడిచి గుడ్డ కప్పాక నేను చేసే మొదటి పని పాస్‌పోర్టు తెప్పించి, పేరు గుమాస్తాకి అక్షరం అక్షరం చెప్పి రాయించడం. ఇది నా ఉద్యోగంలో లేదు. మొదటిసారి ఒక తప్పు వల్ల పదకొండు రోజులు ఆలస్యమైన ఇంటికి నేనే ఫోను చేసి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అలవాటైంది.

2024లో వచ్చేశాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు మదనపల్లెలో ఇల్లు. మా పక్కింటి అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి సౌదీ లైసెన్సు పరీక్షకి చదువుతోంది. 2015 నుంచి గల్ఫుకి నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని మన కేంద్రం పెట్టిన నిబంధన చెప్పి, ఏజెంటుకి పైసా ఇవ్వొద్దని మొత్తుకుంటున్నాను. వింటుందో లేదో. వైద్య పదాలకు అరబీ నేర్పమంది. మొదటి రోజు మగస్ నేర్పాను.

మొన్న రాత్రి రెండుకి ఫోన్లో ఐఎంఓ మోగింది. కువైట్ నంబరు. ఎవరో ఇచ్చారట నా నంబరు. అవతల ఆడగొంతు, వెనక ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు.

"సిస్టరమ్మా, మాది సుండుపల్లె. డాక్టరు ఏందో అడగతాండాడు, నాకు అర్థం కాలే. ఫోన్ ఆయనకిస్తా, జర చెప్పుతావా?"

"ముందు నాకు చెప్పు. ఏమయితాంది?"

"గుండెకాయ జారినట్టుంది."

లేచి లైటు వేసుకున్నాను. జారడం అంటే దడా, నొప్పా, భయమా? "చెమట పట్టిందా? ఎడమ చెయ్యి లాగతాందా?" అని అడిగాను. లాగతాంది అంది. ఫోన్ ఆయనకియ్యి అన్నాను.

"దుక్తూర్, సలాం అలైకుం," అని మొదలుపెట్టాను.